కండె పోగులు

తెలుగు మీడియంలో జీవశాస్త్రం చదువుకున్నవాళ్లకు కణవిభజన పాఠంలోని ‘కండె పోగులు’ గుర్తుండే ఉంటాయి. కణం రెండుగా చీలే ముందు క్రోమోసోములను చెరో కొసకూ లాగే సన్నటి దారాలవి. ఇంగ్లీషులో స్పిండిల్ ఫైబర్స్ అంటారు. ఆ మాటను తెలుగు చేసినవారెవరో గానీ, సంస్కృత సమాసం కోసం వెతుక్కోకుండా నేరుగా మగ్గం గుంత దగ్గరికి వెళ్లి ఒక మాట అడిగి తెచ్చుకున్నారు. కండె అంటే ఏమిటో పాఠం చెప్పదు. తెలిసే ఉంటుందనుకున్నారు కాబోలు.

నేను మహబూబ్‌నగర్ వైపు ఒక జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. మా పిల్లల్లో ఎక్కువమంది పత్తి, పల్లి పండించే ఇళ్లవాళ్లు. వాళ్లకు కండె తెలియదు, అది సైన్సు మాటే అనుకుంటారు. నాకది ముందు ఇంటి మాట, తర్వాతే పుస్తకం మాట. మాది చౌటుప్పల్ దగ్గరి పల్లె, పాత నల్గొండ జిల్లా. 2016లో జిల్లాలు విడిపోయాక యాదాద్రి భువనగిరిలో కలిసింది గానీ మా ఇంట్లో ఇప్పటికీ నల్గొండ అనే అంటారు. పద్మశాలీలం. నాన్న మగ్గం నేసేవాడు. నాడెలో ఇమిడేలా చిన్న పుల్లకు చుట్టిన నూలే కండె. నడుమ లావుగా, రెండు కొసలా సన్నగా ఉంటుంది. బడి నుంచి రాగానే రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టడం మా ఇళ్లలో పిల్లల పని. చీలబోతున్న కణం బొమ్మను పుస్తకంలో మొదటిసారి చూసినప్పుడు, ఈ పేరు పెట్టినవారు మగ్గాన్ని దగ్గరగా చూసినవారేనని నాకు నమ్మకం కుదిరింది.

అమ్మ పని ఆసు పోయడం. చిటికి కట్టి రంగులద్దే ముందు పేక నూలును ఒక చట్రం మీద పోయాలి. ఒక పక్క ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వంపు తిరిగిన చెక్క మీద వరుసగా మేకులు. పోగును ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9000 సార్లు తిరగాలని లెక్క. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి పడే భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేసి దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా ఇంటికి ఆ యంత్రం ఆలస్యంగా వచ్చింది. అంతవరకూ అమ్మ చేయే యంత్రం. కరెంటు పోయినా ఆమె పని ఆగేది కాదు. పోగు ఎక్కడ పలచబడిందో, ఎక్కడ ముడిపడిందో వేలికొసకే తెలిసేది. “కండ్లకంటె ముందు వేళ్లకే ఎరుకైతది బిడ్డా” అనేది.

*

కండె పోగులు కణవిభజన పాఠంలో కాసేపు కనబడి మాయమవుతాయి. అవి ఎక్కణ్నుంచి వచ్చాయో, విభజన అయిపోయాక ఎక్కడికి పోతాయో చెప్పాల్సింది వేరే పాఠంలో, కణాస్థిపంజరం అనే పేరు కింద. సైటోస్కెలిటన్. దానికి దక్కిన చోటు కొన్ని వాక్యాలే: కణద్రవ్యంలో ప్రోటీను పోగుల వల ఒకటుంటుంది, అది కణానికి ఆకారాన్నీ ఊతాన్నీ చలనాన్నీ ఇస్తుంది. రెండు మార్కుల ప్రశ్న. పిల్లలు బట్టీపట్టి రాసేస్తారు. వాళ్ల మనసులో మాత్రం కణమంటే బొమ్మలో చూసిన సంచే. సంచి నిండా నీళ్లు, నీళ్లలో తేలే కేంద్రకం, దాని చుట్టూ చెదురుమదురుగా నాలుగు వస్తువులు.

నీళ్ల సంచి అయితే కణానికి ఒక ఆకారం ఎందుకుంటుంది? నరాల కణం మీటరు పొడవున ఎలా సాగుతుంది? ఈ ప్రశ్న నూరేళ్ల పైబడినది. రష్యాలో నికొలాయ్ కోల్‌త్సోవ్ 1903 నాటికే కణంలోపల పోగుల చట్రమేదో ఉండి తీరాలని వాదించాడు. ఫ్రాన్సులో పాల్ వింట్రెబెర్ 1931లో దానికి పంజరమని పేరు పెట్టాడు. పోగులను విడివిడిగా కళ్లతో చూడటానికి మాత్రం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని రావలసి వచ్చింది.

పోగులు మూడు రకాలు. అన్నిటికంటే సన్ననిది ఆక్టిన్, 7 నానోమీటర్లు. మిల్లీమీటరును పదిలక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు. కండరంలో ఆక్టిన్ పోగుల మీద మయోసిన్ పోగులు జారితేనే కండరం ముడుచుకుంటుంది. అమ్మ చేయి తొమ్మిదివేల సార్లు తిరిగిందంటే ఆ జారుడు వల్లే. రెండో రకం 10 నానోమీటర్ల మాధ్యమిక తంతువులు. పేనిన తాడులాంటివి, లాగితే సాగుతాయి గానీ తెగవు. మన చర్మంలో, గోళ్లలో, వెంట్రుకల్లో ఉన్న కెరటిన్ ఈ రకమే. మూడోది అన్నిటికంటే లావు, 25 నానోమీటర్లు. లోపల బోలుగా ఉండే గొట్టం. అందుకే సూక్ష్మనాళిక అంటారు. కండె పోగులు ఇవే.

ఈ గొట్టం ట్యూబులిన్ అనే ప్రోటీను ఇటుకలతో కట్టినది. ఇటుక మీద ఇటుక పేర్చిన వరుసలు సాధారణంగా పదమూడు పక్కపక్కన చేరితే ఒక గొట్టం. కట్టడం కంటే వింతైన సంగతి కూలడం. 1984లో టిమ్ మిచిసన్, మార్క్ కిర్ష్‌నర్ గమనించింది అదే. ఒక గొట్టం పెరుగుతూ పెరుగుతూ ఉండి, ఉన్నట్టుండి కొస నుంచి పొరలు పొరలుగా విచ్చుకుని కుప్పకూలుతుంది. అదే క్షణాన పక్క గొట్టం హాయిగా పెరుగుతుంటుంది. కూలిన ఇటుకలు వృథా పోవు, వాటితో ఇంకోచోట ఇంకో గొట్టం లేస్తుంది. కొత్తగా చేరిన ఇటుక జీటీపీ అనే శక్తిమూటను పట్టుకుని ఉంటుంది. ఆ మూట ఖర్చు కాకముందే పైన ఇంకో ఇటుక పడుతుంటే గొట్టం నిలుస్తుంది. పడటం ఆలస్యమైతే కూలుతుంది. మామూలు కణంలో చాలా గొట్టాల ఆయుష్షు నిమిషాలే. కణం చీలే సమయంలో అదీ ఉండదు, సెకన్లలోకి వస్తుంది.

ఇంత కట్టుడూ ఇంత కూల్చుడూ ఎందుకు? చీలబోయే కణంలో క్రోమోసోములు ఎక్కడున్నాయో గొట్టానికి తెలియదు. ఒక దిక్కుకు పెరిగి చూస్తుంది, దొరక్కపోతే కూలిపోయి ఇంకో దిక్కుకు పెరుగుతుంది. చీకట్లో చేయి చాపి తడుముకున్నట్టు. దొరికిందా, పట్టుకుంటుంది, ఇక త్వరగా కూలదు. తడుముకోవాలంటే చాపిన చేయి వెనక్కి రాగలగాలి కదా.

అందుకే నాకు ఆ ‘అస్థి’ అన్న మాటతో పేచీ. మన అస్థి మనం పోయాక మిగిలేది. కాలిన కట్టెల్లోంచి బొక్కలు ఏరుకుని, కృష్ణలో మూసీ కలిసే వాడపల్లికి తీసుకుపోయి కలుపుతాం. కణం పంజరం మిగిలేది కాదు. కట్టుడూ కూల్చుడూ నడిచినంతసేపే అది పంజరం. అది ఆగితే కణం ఆగుతుంది. పేరు పెట్టడానికి మళ్లీ మగ్గం దగ్గరికే వెళ్లి ఉంటే బాగుండేదేమో. మగ్గం మీద బట్ట ఎప్పుడూ సగమే ఉంటుంది.

*

పాఠంలో ఇంతవరకూ చెప్పాక, ఈ గొట్టాలను ఆపే మందులు కొన్నిటి పేర్లు బోర్డు మీద రాస్తాను. ఒక ఏడాది వెనక బెంచీ పిల్లవాడు లేచి, “మేడం, పెండిమిథాలిన్ అంటే మేం పత్తికి కొట్టేదే కదా?” అన్నాడు. అదేరా అన్నాను. ఆ రోజు పాఠం గంట దాటిపోయింది.

విత్తనం పెట్టిన ఒకటి రెండు రోజుల్లో, గడ్డి మొలవకముందే, తడి నేల మీద కొట్టే మందు అది. మొలకెత్తుతున్న గడ్డి వేరుకొసలో కణాలు చీలాలి. మందు ట్యూబులిన్ ఇటుకలకు అంటుకుని గొట్టం లేవనివ్వదు. క్రోమోసోములను లాగే దారం లేదు. వేరు పొడుగు సాగదు, కొస ఉబ్బి గదలా తయారై అక్కడే ఆగిపోతుంది. పత్తి గింజ కాస్త లోతులో ఉంటుంది, మందు పైపొరలోనే నిలుస్తుంది కాబట్టి పత్తి తప్పించుకుంటుంది.

అదే దుకాణంలో పక్క అరలో కార్బెండజిమ్ ఉంటుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పల్లి విత్తే ముందు విత్తనానికి పట్టించే మందుల్లో అదొకటి. అది బూజు ట్యూబులిన్‌ను పట్టుకుంటుంది. ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ బడిలో నమిలించే నులిపురుగుల మాత్ర అల్బెండజోల్. అది పురుగు ట్యూబులిన్‌ను పట్టుకుంటుంది. పురుగు పేగు కణాలు తిండి పీల్చుకోలేక ఎండిపోతాయి. గొల్లకుర్మల ఇళ్లలో గొర్రెలకు తాగించే నట్టల మందు ఫెన్‌బెండజోల్ దాని చుట్టమే. నల్లమలలో వాన పడగానే మంటలా పూసే అడవినాభి దుంపలో ఉండే కాల్చిసిన్ కూడా ఈ పనే చేస్తుంది. అసలు ట్యూబులిన్ అనే ప్రోటీనును శాస్త్రవేత్తలు కాల్చిసిన్ దేన్ని పట్టుకుంటుందో వెతుకుతూ పోయే 1960ల్లో పట్టుకున్నారు. వాకిట్లో పెంచుకునే బిళ్ళగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్‌దీ అదే దారి. క్యాన్సర్‌కు వాడతారు.

గడ్డిమందు, విత్తనమందు, బడి మాత్ర, నట్టల మందు, పెరటి మొక్క. ఊళ్లో నాలుగు చోట్ల నాలుగు పేర్లతో దొరికేవి లోపలికి వెళ్లి పట్టుకునేది ఒకే ఇటుకను.

మరి గడ్డిని చంపేది పిల్లవాణ్ని, పురుగును చంపేది గొర్రెను ఎందుకు చంపదు? ఇటుక ఒకటే గానీ కోట్ల ఏళ్లలో అక్కడక్కడా చిన్న తేడాలు వచ్చాయి. బీటా ట్యూబులిన్‌లో 200వ స్థానం దగ్గర, మందుకు లొంగే పురుగులో ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. మనలో, గొర్రెలో అక్కడ టైరొసిన్ ఉంటుంది. తేడా ఒక ఆక్సిజన్ పరమాణువు. నట్టల మందు పనిచేయడం మానేసిన మందల్లో చూస్తే, అక్కడి పురుగుల్లోనూ ఆ స్థానం టైరొసిన్‌గా మారి ఉండటం చాలాచోట్ల కనబడింది. ఒక్క పరమాణువు మీద ఆధారపడిన దయ అది.

ఆ పిల్లవాడు ఊరుకోలేదు. “క్యాన్సర్ కణం ట్యూబులిన్‌లో తేడా ఏం ఉంటది మేడం?” అన్నాడు.

తేడా ఏమీ ఉండదు. అది మన కణమే.

*

మూడేళ్ల కింద అమ్మకు రొమ్ము క్యాన్సర్ అని తెలిసింది. ఆపరేషను అయ్యాక మూడు వారాలకొకటి చొప్పున నాలుగు కీమోలు, తర్వాత వారానికొకటి చొప్పున పన్నెండు. ఆ పన్నెండూ పాక్లిటాక్సెల్. హైదరాబాదులో ఆసుపత్రి. ప్రతి వారం పొద్దున్నే బస్సెక్కి ఎల్బీనగర్ మీదుగా వెళ్లడం, సాయంత్రం హయత్‌నగర్ దాటేసరికి ఆమె నా భుజం మీద నిద్రపోవడం.

సీసా మీద ఆ పేరు చూడగానే నాకు నా బోర్డు కళ్లముందు కదిలింది. ఈ మందు కథ వేరు. అమెరికా పశ్చిమ తీరపు అడవుల్లో పెరిగే యూ అనే చెట్టు బెరడును 1962లో సేకరించారు. అందులో ఉన్నదేమిటో 1971లో మన్రో వాల్, మన్సుఖ్ వాణి తేల్చారు. అది ఎలా చంపుతుందో 1979లో సూసన్ హార్విట్జ్ చెప్పేసరికి అందరూ ఆశ్చర్యపోయారు. అప్పటిదాకా తెలిసిన మందులన్నీ గొట్టాన్ని లేవనివ్వనివి. ఇది గొట్టాన్ని కూలనివ్వదు. ఇటుకల మధ్య జారి, బిగించి పట్టేస్తుంది. గొట్టాలు కట్టలు కట్టలుగా పెరిగి అలాగే నిలిచిపోతాయి. చాపిన చేయి వెనక్కి రాదు. క్రోమోసోములు నడిమధ్య ఆగిపోతాయి, కణం చీలలేక చచ్చిపోతుంది. పంజరాన్ని పడగొట్టినా చావే, పడకుండా కట్టేసినా చావే.

ఐదో వారానికి కాళ్లవేళ్లు తిమ్మిరెక్కాయి. ఏడో వారానికి చేతివేళ్లు. ఒకరోజు జొన్నరొట్టె కాలుస్తూ పెనం అంచు పట్టుకుంది. చర్మం కాలిన వాసన మాకు వచ్చింది. ఆమెకు మంట తెలియలేదు. వేళ్లు చూసుకుంటూ, “మందు రోగానికి ఎక్కించిండ్రా, వేళ్లకు ఎక్కించిండ్రా?” అంది.

నరాల కణం చీలదు. కాబట్టి చీలే కణాలను చంపే మందు దాని జోలికి పోకూడదు. కానీ గొట్టాలకు ఇంకో పని కూడా ఉంది. అవి దారులు. నరాల కణం కడుపు వెన్నుపూస పక్కన ఉంటుంది, దాని తోక వేలికొస దాకా వస్తుంది. తోక కొసకు కావలసిన సరుకంతా ఎక్కువగా కణం కడుపు దగ్గరే తయారై గొట్టాల మీదుగా మోసుకుపోబడాలి. మోసేది కైనెసిన్ అనే ప్రోటీను. 1985లో స్క్విడ్ అనే సముద్రజీవి నరంలో దొరికింది. ఒక్కో అడుగు 8 నానోమీటర్లు, సరిగ్గా ఒక ఇటుక జంట పొడవు. గొట్టం మీద ఇటుక నుంచి ఇటుకకు అడుగేస్తూ మూటను మోసుకుపోతుంది. అన్నిటికంటే వేగంగా పోయే సరుకు రోజుకు 40 సెంటీమీటర్ల దాకా పోతుంది. అంటే మెడ నుంచి చేతి వేలికొసకు రెండు రోజులు, నడుము నుంచి కాలివేలికి రెండున్నర రోజుల ప్రయాణం. దారిని మందు బిగించేస్తే సరుకు సరిగా నడవదు. ముందు ఆకలికి మాడేది దారి చివరి ఊరే. అందుకే తిమ్మిరి ముందు కాలివేళ్లకు, తర్వాత చేతివేళ్లకు వస్తుంది. తొడుగు వేసినట్టు కొస నుంచి పైకి పాకుతుంది.

ఇదంతా అమ్మకు దారాల భాషలోనే చెప్పాను. రోగం కణంలోనూ నీ వేలి నరంలోనూ ఉన్నది ఒకే నూలమ్మా, మందుకు తేడా తెలియదు అన్నాను. ఆమె కాసేపు ఊరుకుని, “ఒకే నూలైతె ఎట్ల తెలుస్తది మరి” అంది. మందు మీద కోపం పోయింది అనిపించింది.

ఎనిమిదో వారం డాక్టరు వేళ్ల మీద దూది తాకించి చూసి, మోతాదు తగ్గించి ఇవ్వొచ్చు, లేదంటే ఇంతటితో ఆపేయొచ్చు, ఆలోచించుకోండి అన్నాడు.

“ఇట్లనే పోతె వేళ్లు మళ్ల వస్తయా సారూ?”

“చాలామందికి నెలల మీద తగ్గుతుందమ్మా. కొందరికి పూర్తిగా పోదు.”

“ఆపితె రోగం మళ్ల వస్తదా?”

“వస్తుందని చెప్పలేను. రాదనీ చెప్పలేను.”

ఆ సాయంత్రం బస్సులో ఆమె నిద్రపోలేదు. అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటూ కూర్చుంది. నలభై ఏళ్లు ఆసు పోసిన చేతులవి. ఆమె సంపాదనా, పేరూ, ఊళ్లో నలుగురు వచ్చి పోగు చూపించి అడిగే గౌరవమూ అన్నీ ఆ కొసల్లోనే ఉన్నాయి. చౌటుప్పల్ దగ్గరపడుతుండగా అంది: “వేళ్లు లేకుంటె ఆసు పొయ్యలేను. నేనే లేకుంటె వేళ్లేం జేస్తయి? తగ్గించి ఇయ్యమను, పన్నెండు పూర్తిజేద్దం.”

అలాగే పూర్తిచేశాం.

*

బిగుసుకుపోవడం కూడా రోగమేనని నల్గొండవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు, నారాయణపురం, చౌటుప్పల్ పల్లెల్లో ఫ్లోరైడు నీళ్లు తాగిన పెద్దవాళ్ల ఒళ్లు చూస్తూ పెరిగాం. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడు మా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం కలిపి దాన్ని తగ్గించే పద్ధతి నాగపూర్‌లోని నీరీ తయారుచేస్తే దానికి మా జిల్లా పేరే పడింది, నల్గొండ టెక్నిక్ అని.

ఎముక కూడా మనం అనుకున్నట్టు ఒకసారి కట్టి వదిలేసిన గోడ కాదు. ఒక రకం కణాలు దాన్ని కరిగిస్తుంటాయి, ఇంకో రకం మళ్లీ పోస్తుంటాయి. ఏడాదికి సుమారు పదో వంతు ఎముక ఇలా కొత్తదవుతుంది. ఆ కరిగించే కణాలు ఎముకను అంటిపెట్టుకునేది కూడా ఆక్టిన్ పోగుల వలయంతోనే. ఫ్లోరైడు చేరిన ఎముక ఖనిజం సులభంగా కరగదు. పైగా కొత్త ఎముక అవసరానికి మించి పేరుకుంటుంది, కీళ్ల దగ్గరి కట్లు సున్నం పట్టి గట్టిపడతాయి. వెన్ను వెదురులా ఒకే ముక్క అవుతుంది. ఎక్స్‌రేలో ఆ ఎముకలు మామూలు వాటికంటే తెల్లగా, దట్టంగా కనబడతాయి. మా పెదనాన్న పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వచ్చేది. ఎముక తక్కువై కాదు.

కణం పంజరం గురించి క్లాసులో చెప్పేటప్పుడు ఆయన పేరు చెప్పను గానీ ఆయన తిరిగే తీరు చెబుతాను. పిల్లలకు అది టక్కున అర్థమవుతుంది. నిలబెట్టే వస్తువుకు నిలకడ ఒక్కటే చాలదు, ఎప్పటికప్పుడు ఊడగలగాలి.

*

అమ్మ వేలికొసల్లో పడిన పోగు సంగతి కూడా చెప్పాలి. పత్తి పోగు అనేక కణాలు కలిసి కట్టిన తాడు కాదు. ఒక్కో వెంట్రుక ఒక్కో కణం. పూత వచ్చిన రోజున గింజ పైపొరలోని కణాల్లో కొన్ని ఉబికి పొడుచుకొస్తాయి. ఒక్క గింజ మీద పదివేలకు పైగా. మూడు వారాల్లో ఒక్కో కణం రెండున్నర, మూడు సెంటీమీటర్ల దాకా సాగుతుంది. దాని మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు. కణం లావెక్కకుండా పొడుగే ఎందుకు సాగుతుందంటే, లోపలి సూక్ష్మనాళికలు దాని చుట్టూ అడ్డంగా గాజుల్లా నిలుస్తాయి. సెల్యులోజును పేనే యంత్రాలు ఆ నాళికల బాట పట్టే నడుస్తాయి. ఇలా నడవడాన్ని 2006లో వేరే మొక్కలో, బతికి ఉన్న కణంలోనే కంటితో చూశారు. గాజులు తొడిగినట్టు సెల్యులోజు పడ్డాక కణం పక్కకు ఉబ్బలేదు, పొడుగే సాగాలి. ఆ మూడు వారాల్లో వాన మొహం చాటేస్తే కణానికి ఉబికే బలం చాలదు, పింజ పొట్టిదవుతుంది. మార్కెట్ యార్డులో ధర తగ్గుతుంది.

సాగడం అయ్యాక నాళికలు అడ్డం నుంచి ఏటవాలుకు తిరుగుతాయి. సెల్యులోజు ఇప్పుడు మెట్లు తిరిగినట్టు మెలికగా పడుతుంది. అక్కడక్కడా నాళికలు దిశ మార్చుకుంటాయి, మెలికా దిశ మారుతుంది. కాయ పగిలి ఎండ తగలగానే కణం ఎండి చచ్చిపోతుంది. పంజరం ఇటుకలుగా విడిపోయి ఆనవాలు లేకుండా పోతుంది. మిగిలిన గొట్టం చదునై, ఆ పాత మెలికల వెంటే మెలితిరుగుతుంది. ఆ మెలికలుండబట్టే పోగు పోగును పట్టుకుంటుంది. నూలు వడకడానికి వచ్చేది అందుకే. మనం కట్టుకునే బట్టలో బతికిన కణం లేదు, పంజరం లేదు. అది నడిచిన దారి మాత్రం ఉంది.

కీమో అయిపోయి ఇప్పటికి రెండేళ్లు దాటింది. రోగం తిరగబెట్టలేదు. ఆరు నెలలకొకసారి వెళ్లి చూపించుకుని వస్తున్నాం. కాలివేళ్లకు కొంత, బొటనవేళ్లకు బాగానే స్పర్శ వచ్చింది. చూపుడు వేలికి సగం. మిగతావి అలాగే ఉన్నాయి. చేతితో ఆసు పోయడం మానేసింది. యంత్రం తిప్పుతుంది, పోగు తెగితే అతుకుతుంది. బొత్తాలు పెట్టుకోవడం, చిల్లర లెక్కపెట్టడం ఇప్పటికీ చూసుకుంటూనే చేయాలి. ఇంటి పక్కవాళ్లు మాత్రం పోగు తెచ్చి చూపించి అడగడం మానలేదు.

పోయిన దసరాకు వెళ్లినప్పుడు మా వదిన కొత్త నూలు చిలప తెచ్చి, ఇది ఎట్లుందత్తా అంది. అమ్మ ఒక పోగు లాగి రెండు చేతుల మధ్య పట్టుకుని, కింది పెదవికి ఆనించి మెల్లగా పక్కకు జరిపింది. “ఈడ పలచగుంది. ఈడ నెప్పు పడ్డది. పేకకైతె పనికొస్తది, పడుగుకొద్దు” అంది. ఎవరూ నేర్పలేదు, తనే కనిపెట్టుకుంది. నేను మనసులో లెక్కేసుకున్నాను. మెదడు అడుగు నుంచి పెదవికి వచ్చే నరం జానెడు కూడా ఉండదు. సరుకు పూట తిరగకముందే చేరుతుంది. మందు ఆ దారిని మూయలేకపోయింది.